గుర్రాల సావిట్లో వాన

నేను ఇంతవరకు ఏమీ రాసినదాన్ని కాను. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివినాను, అంతే. పాస్టరయ్య గుడిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మళ్లీ కూర్చునే మనిషిని. మా తమ్ముడి పెండ్లాం సువర్ణ మదనపల్లెలో పంతులమ్మ. ఆ పిల్లే పట్టుబట్టింది. "వదినా, నోటితో చెప్పలేకపోతే చేత్తో చెప్పు" అని. అందుకని రాస్తాండాను. తప్పులుంటే మన్నించండి.

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దోవలో, మా పల్లె దాటినాక గుర్రాల సావిడి ఒకటి ఉండాది. బస్సులు రాకముందు టపా జట్కాలకు ఆడ గుర్రాలు మార్చేవాళ్లంట. రాతి గోడలు, పైన బోదగడ్డి కప్పు. ముందర ఒక బావి, బావి పక్కన వెలగమాను. బస్సులొచ్చినాక సావిడి పాడుబడింది. ఆఖరున మిగిలిన జట్కా మనిషి ఒక రాత్రి గుర్రంతో సహా ఆ బావిలో పోయినాడని మా అమ్మ చెప్పేది. పడినాడో, దూకినాడో... ఎవరూ చూడలేదు.

అప్పటి నుంచి రాత్రిపూట ఆ దోవన గిట్టల సప్పుడు వస్తుందని అనేవాళ్లు. టక్... టక్... టక్... బావి దాకా వచ్చి ఆగిపోతుందంట.

అది పాత మాట. నేను చెప్పబోయేది బర్మా మీద బాంబులు పడి, మన జనం అడవులు పట్టుకొని నడిచొచ్చిన ఏటి మాట. ఆ ఏడు చలికాలంలో సావిడికి ఇంకొక చెడ్డపేరు వచ్చింది.

సావిడి లోపల వాన పడుతుందని.

బయట చుక్కలు. నేల మీద దుమ్ము. గోడల లోపల మాత్రం వాన... రాత్రంతా.

తెల్లారి చూస్తే వెలగమాను బెరడు లేచిపోయి ఉండేది. ఈ పొద్దు ఒక పక్క, రేపు ఇంకో పక్క. "గోళ్లతో గీరతాండాది" అన్నారు. పగటిపూట కూడా పిల్లోళ్లను ఆ దిక్కు పోనీలేదు.

ఇంక కొరివి దెయ్యం. దాన్ని కండ్లారా చూసినవాడు మా తమ్ముడు జయరత్నమే.

జయరత్నం బస్సు క్లీనరు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క, బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి నడిపేవాళ్లు. ఆ పొయ్యికి గాలి తిప్పడం మావాడి పని. ఒక రాత్రి మదనపల్లె నుంచి వస్తా వస్తా బస్సు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. ఎక్కినవాళ్లు డ్రైవరును తిట్టి, దుప్పట్లు కప్పుకొని పడుకున్నారు. మావాడు ఇల్లు దగ్గరే కదా అని నడిచినాడు.

తర్వాత వాడు చెప్పిన మాటే రాస్తాండాను.

సావిడి దగ్గరికి వచ్చేసరికి వాన సప్పుడు వినపడిందంట. తల ఎత్తితే చుక్కలు. చెయ్యి చాపితే ఒక్క చినుకు లేదు. కాళ్లు నిలిచిపోయినాయి. అప్పుడు వెలగమాను కింద ఎర్రగా ఒక నిప్పు... గాలిలో... మనిషి నోరు ఉండేంత ఎత్తున. పెద్దదయింది... చిన్నదయింది... ఊపిరి తీసినట్టు. ఆ వెలుగులో ఒక మొగం. సున్నం పూసినట్టు తెల్లగా. కండ్లు రెండూ గుంటల మాదిరి.

అది వాడి వైపు తిరిగింది.

ఎట్లా ఇల్లు చేరినాడో వాడికే తెలియదు. తలుపు తోసుకొని వచ్చి, "అక్కా... దాని నోట్లో నిప్పు ఉండాది..." అన్నాడు. ఆ మాటతో పడినవాడు లేవలేదు.

ఒళ్లు పెనం మాదిరి కాలిపోయింది. కండ్లు తెరిస్తే అరిచేవాడు. గంజి పోస్తే పక్కకు కారిపోయేది. మదనపల్లె ఆస్పత్రికి తీసుకుపోదామని బండి ఎక్కిస్తే, పట్టపగలే, బండి ఆ దోవ పట్టేసరికి దూకేయబోయినాడు. వెనక్కి తోలుకొచ్చినాము.

నాకు అమ్మా నాయన లేరు. పెనిమిటి లేడు, బిడ్డలు లేరు. వాడికి అప్పటికి పెండ్లి కాలేదు. నాకు ఉండేది వాడొక్కడే. వాడు రోజురోజుకూ చాపకు అతుక్కుపోతాంటే, పక్కన కూర్చొని నేను ప్రార్థన చేసేదాన్ని. ప్రార్థన కూడా లోలోపలే.

మా పక్కింటి చాంద్ బీ గాజులమ్ముకుంటూ ఊరూరు తిరిగిన ముసలామె. వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నా చెవిలో చెప్పింది.

"జ్ఞానమ్మా, ఇది మందుకు దిగే జెరం కాదు. బెదురు జెరం. వాడు బెదురుకున్న తావు మన్ను తేవల్ల. రక్తం పంచుకున్నోళ్లే తేవల్ల. నీళ్లలో కలిపి మొగాన జల్లు."

"అమ్మా, మేము దేవుని నమ్ముకున్నోళ్లం..."

"మన్నుకు మతం యాడుండాది? మీ దేవుడు మనిషిని దేంతో చేసినాడంటివి?"



ఆ సాయంత్రమే ఊరి పెద్ద వెంకటరమణప్ప నలుగురిని వెంటబెట్టుకొని మా వాకిట్లోకి వచ్చినాడు. నేను తలుపు చాటున నిలబడినాను.

"రేపు పొద్దు పొడవక ముందే ఆ సావిడికి అగ్గి పెట్టేస్తాం. బోద కప్పు, నిమిషంలో లేస్తాది. ఉండను నీడ లేకపోతే దెయ్యం దాని దోవ అది సూసుకుంటాది. ఏమమ్మా జ్ఞానమ్మా, నీకు సమ్మతమేనా?"

నేను తల ఊపినాను.

"ఊఁ అనిందా, ఊహూఁ అనిందా?" అని ఒకడు అడిగినాడు.

"ఆమె మాట దేవుడికే వినపడదప్పా, నీకేం వినపడుతుంది" అని వెంకటరమణప్ప అన్నాడు. అందరూ నవ్వినారు.

వాళ్లు పోయినాక నాకు ఒకటే ఆలోచన. సావిడి కాలిపోతే ఆ తావున ఇంక మన్ను యాడిది? అంతా బూడిదే. తేవాలంటే ఈ రాత్రే.

తమ్ముడి దగ్గర చాంద్ బీని కూర్చోబెట్టి బయలుదేరినాను. కిరసనాయిలు దొరకని రోజులు, లాంతరు లేదు. అగ్గిపెట్టె నడుముకు చెక్కుకున్నాను. నా తెల్లచీర, తలమీద ముసుగు, అంతే.

చలి పండ్లు కొరికిస్తాంది. చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన మొదలుపెడతాను... నడుమ మరిచిపోతాను... మళ్లీ మొదటి నుంచి. ఊరి కుక్కలు అరిచి అరిచి ఊరుకున్నాయి. ఆ తర్వాత నా అడుగుల సప్పుడే నాకు పరాయిదిగా వినపడింది.

సావిడి నల్లగా కనపడింది. వెలగమాను కనపడింది.

అప్పుడు వాన.

సన్నగా... ఆగకుండా... ఆకుల మీద జల్లు పడినట్టు. రాతి గోడల లోపలి నుంచి. తల ఎత్తినాను. చుక్కలు నన్నే చూస్తాండాయి.

వెనక్కి పోదామని మనసు లాగింది. మావాడి పెదవుల పక్కన కారిపోయిన గంజి కండ్ల ముందుకు వచ్చింది. వంగి వంగి, గోడ పక్కన నడిచి మాను దగ్గరికి పోయినాను. మోకాళ్ల మీద కూలబడి, మన్ను పిడికెడు తీసి కొంగున ముడేసినాను.

పైకి చూస్తే... నిప్పు.

మానుకు ఆ పక్కనే. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. ఎర్రబడింది... మొగం కనపడింది. తెల్లటి మొగం. అది నన్ను చూస్తాంది.

అరవాలని నోరు తెరిచినాను. నా గొంతు సంగతి తెలుసు కదా. గాలి తప్ప ఏమీ రాలేదు. మెల్లగా లేచి నిలబడినాను.

అప్పుడు కేక వినపడింది. కీచుమని... చీకటి చీరుకుపోయేట్టు.

నేను కాదు అరిచింది. దెయ్యం అరిచింది. నన్ను చూసి అరిచింది!

నిప్పు కింద పడి రవ్వలు లేచినాయి. ఆ తెల్ల మొగంది మోకాళ్ల మీద పడి, రెండు చేతులు జోడించి, నేలకు తల ఆనించి, నాకు తెలియని మాటల్లో ఏమేమో అంటా ఏడుస్తాంది. ఒళ్లంతా వణుకు. నాకంటే ఎక్కువ వణుకు.

దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని అమ్మ చెప్పేది. అగ్గిపుల్ల గీసి కింద చూసినాను. రెండు పాదాలు. మడమలు పగిలి ఉండాయి. ఒక బొటనవేలికి పీలిక కట్టి ఉండాది. వేళ్లు ముందుకే ఉండాయి.

ఆమె కూడా తల ఎత్తి, ఆ వెలుగులో, నా పాదాలే చూసింది.

నాకు అప్పుడు తెలిసింది. తెల్లచీర, ముసుగు, మాట లేకుండా నేలలో నుంచి లేచిన మనిషి. ఆమెకు నేనే దెయ్యం.

ఆమె లేచి, నా చెయ్యి మెల్లగా తాకి చూసింది. వెచ్చగా ఉండేసరికి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండా లోపలికి తీసుకుపోయింది.

సావిడి కిటికీలన్నిటికీ గోనెపట్టలు కట్టి ఉండాయి. లోపల మూలన చిన్న దీపం. గోడ పొడుగునా వెదురు తట్టలు, ఒకదాని మీద ఒకటి. ప్రతి తట్టలో తెల్లటి పురుగులు... వేలకు వేలు... ఆకులు కొరుకుతాండాయి. కర కర కర కర. అదే వాన.

పట్టుపురుగులని తర్వాత తెలిసింది. కుప్పం పక్క, మైసూరు పక్క ఉండేవే గాని మా ఊర్లో అప్పటికి ఎవరూ చూసినోళ్లు లేరు.

ఆమె తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని "మా తిన్" అని పేరు చెప్పింది. నేను "జ్ఞానమ్మ" అన్నాను. ఇంక మాటలు అయిపోయినాయి. ఆమెకు తెలుగు రాదు. నాకు ఆమె భాష రాదు.

చేతులతోనే అన్నీ చెప్పింది. కింద పడిన చుట్ట తెచ్చి చూపించింది. మొక్కజొన్న కంకి అంత లావు. తట్టల వైపు చూపించి, ముక్కు మూసుకొని, తల వాల్చి పడిపోయినట్టు చేసింది. పొగ తగిలితే పురుగు చచ్చిపోతుంది, అందుకే మాను కిందికి పోయి తాగుతాను అని. తర్వాత వెలగ బెరడు ముక్కను రాతి మీద నీళ్లతో అరగదీసి, తన మొగాన ఉండే ఆ గంధమే నా చెంపలకూ పూసింది. చల్లగా ఉండింది. వాళ్ల దేశంలో ఆడోళ్ల అలంకారం అదేనేమో. మనం పసుపు పూసుకోమా?

మగమనిషి మీసం చూపించింది. దూరం నడిచినట్టు వేళ్లు ఆడించింది. రైలు కూత కూసింది. తర్వాత ఆ వేళ్లను పడుకోబెట్టి, కండ్లు మూసుకుంది. కండ్ల నీళ్లు ఆ తెల్లపూత మీద గీతలుగా దిగినాయి.

అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. పొద్దు పొడవక ముందే ఊరోళ్లు అగ్గి పెడతారు. ఈమె ఇక్కడ ఉండాది!

ఎట్లా చెప్పేది? అగ్గిపుల్ల గీసి కప్పు వైపు చూపించినాను, ఊరి వైపు చూపించినాను. ఆమె బాగా అర్థమైనట్టు తల ఊపి, మూలకు పోయి, నాకొక చుట్ట తెచ్చి ఇచ్చింది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కప్పులో నుంచి బోద పుల్ల ఒకటి పీకి, కాల్చి, దీపం కాదు, చుట్ట కాదు, ఇది... ఇది... అని కప్పంతా చూపించినాను. ఆమె మొగం మారింది. అర్థమయింది. చెయ్యి పట్టి లాగినాను, రా పోదామని. ఆమె కదల్లేదు. తట్టలు చూపించి, బిడ్డను ఎత్తుకున్నట్టు చేతులు పెట్టింది. ఆ పురుగులు ఉంటేనే ఆమెకు ఈ దేశంలో తల దాచుకునే తావు. అవి పోతే ఎక్కడికి పోతుంది?

నేను తలుపు దగ్గర కూర్చున్నాను. వాళ్లొస్తే లోపల మనిషి ఉండాదని చెప్పాల. నేను చెప్పాల. నలుగురు మగోళ్ల ముందర... నేను!

ఎంతసేపు కూర్చున్నామో. దీపం సన్నగిల్లింది. ఉన్నట్టుండి మా తిన్ నా నోటి మీద చెయ్యి పెట్టి, దీపం ఊదేసింది.

దోవలో నుంచి...

టక్... టక్... టక్...

పురుగులు కూడా తినడం ఆపినట్టు అనిపించింది. సప్పుడు గోడ పక్కగా వచ్చింది. మాను దాటింది. బావి దగ్గర... ఆగిపోయింది.

నీళ్ల సప్పుడు లేదు. తిరిగిపోయిన సప్పుడు లేదు. ఏమీ లేదు.

మా తిన్ గోళ్లు నా చేతిలో దిగబడినాయి. నన్ను మాను కింద చూసినప్పుడు, ఈ గిట్టలతో వచ్చేది నేనే అనుకొని ఆమె అరిచిందని అప్పుడు తెలిసింది. ప్రతి రాత్రి ఇది వింటా, ఎవరికీ చెప్పుకోలేక, ఒక్కతే ఇక్కడ...

తూర్పు తెల్లబారే ముందర దివిటీలు వచ్చినాయి. వెంకటరమణప్ప గొంతు, "దగ్గరికి పోవద్దు, ఆడి నుంచే ఇసరండప్పా!"

తలుపు తీసి బయటికి వచ్చినాను. నోరు తెరిచినాను. గాలి మాత్రమే వచ్చింది. చీకట్లో గడప మీద నిలబడిన నేను వాళ్లకు కనపడలేదు. ఒకడు దివిటీ ఎత్తినాడు.

నా చేతిలో ఆమె ఇచ్చిన చుట్ట ఉండాది. ఎట్లా తోచిందో దేవునికే తెలుసు. అగ్గిపుల్ల గీసి, చుట్ట నోట్లో పెట్టుకొని, గట్టిగా పీల్చినాను. నిప్పు భగ్గుమనింది. తెల్లచీర, తెల్ల మొగం, నోట్లో నిప్పు. అట్లనే వాళ్ల మీదికి నడిచినాను.

ఎత్తిన దివిటీ చేతిలో నుంచి దోవలోనే పడిపోయింది. ఒకడు చెప్పులు వదిలి పరిగెత్తినాడు. వెంకటరమణప్ప నిలబడినచోటే నిలబడి, "వస్తాండాది... వస్తాండాది..." అనడం తప్ప కదల్లేకపోయినాడు.

అప్పుడు పొగ అడ్డం పడింది. దగ్గు... ప్రాణం పోయేంత దగ్గు.

"ఆగండి!" అని వెనక నుంచి ఒక అరుపు. తమ్ముడికి నిద్ర పట్టినాక, నేను రాలేదని వెతుక్కుంటా వచ్చిన చాంద్ బీ. "ఈ దగ్గు నాకు తెలుసు. మా గోడ అవతల దగ్గే. ఏమే జ్ఞానమ్మా, చుట్ట ఎప్పటి నుంచే?"

దగ్గుతోనో, నవ్వుతోనో, ఏడుపుతోనో, గొంతు తెరుచుకుంది. "అగ్గి పెట్టొద్దండీ! లోపల మనిషి ఉండాది!" అని అరిచినాను. నా మాట నాకే గట్టిగా వినపడింది. మా తిన్ వచ్చి నా వెనకాల నిలబడి, కొంగు పట్టుకుంది.

అంతలో పురుగులకు ఆకు తోలే బండి వచ్చింది. కుప్పం మనిషి కుప్పుస్వామి, దివిటీలు చూసి బండి దూకి పరిగెత్తుకొని వచ్చినాడు. "అయ్యయ్యో, పొగ పెట్టొద్దు సామీ, పురుగు చచ్చిపోతాది!" యుద్ధంలో విమానాల నుంచి దిగే గాలిగొడుగులకు పట్టు కావాలంటాండారని, కొండ అవతల పురుగు తినే రేష్మాకు తోట గుత్తకు పట్టి, ఈ సావిట్లో పురుగు పెట్టినాడంట.

"ఊర్లో ఒక మాట సెప్పను నోరు లేదా?" అని వెంకటరమణప్ప ఎగిరినాడు.

"పరాయి కన్ను పడితే పురుగు గూడు కట్టదు సామీ. అందుకే రాత్రిపూట ఆకు తోలేది. ఈమె మొగుడు మా పక్క మనిషే. బర్మాలో పనికి పోయి, ఈమెను చేసుకొని, నడిచి నడిచి వచ్చి, కుప్పం స్టేషన్లోనే కన్ను మూసినాడు. వాళ్లోళ్లు ఈమెను గడప తొక్కనీలేదు. నేను పని ఇచ్చినాను. ఈమె మాట నాకు రాదు, నా మాట ఈమెకు రాదు. పురుగుకు ఎవరి మాటా రాదు. పని జరుగుతాండాది."

అందరూ నవ్వినారు. భయం తీరిన నవ్వు. వెంకటరమణప్ప కూడా నవ్వి, "సరేలేప్పా, రాత్రిళ్లు ఆ గుర్రబ్బండి తోలడం మానుకో. మా ఆడోళ్లు జడుసుకుంటాండారు" అన్నాడు.

కుప్పుస్వామి అతని వైపు చూసినాడు.

"గుర్రమా? నాది ఎద్దులబండి సామీ."

అందరూ బావి వైపు చూసినారు. మా తిన్ నా మొగం చూసింది.

మొగం కడుక్కోకుండానే ఇంటికి పోయినాను. జయరత్నం కండ్లు తెరిచి, నా చెంపలు చూసి కేక పెట్టబోయినాడు. నేను ఆరిపోయిన చుట్ట నోట్లో పెట్టుకున్నాను. వాడు అట్లనే చూసి... చూసి... "నువ్వా, అక్కా?" అన్నాడు. జరిగింది చెప్పినాను. గుర్రం మాట చెప్పలేదు. చాలా దినాల తర్వాత వాడు నవ్వినాడు, గంజి మింగినాడు. కొంగున ముడేసిన మన్ను కూడా నీళ్లలో కలిపి జల్లినాను. ఏది పని చేసిందో నాకు తెలియదు. పాస్టరయ్య ఇది చదివితే చదవనీ.

వాడు నిద్రపోయినాక, ఆ పొద్దున్నే, నా చాప, దుప్పటి చుట్టి చంకన పెట్టుకున్నాను.

"యాడికే?" అనింది చాంద్ బీ.

"సావిడికి. రాత్రిళ్లు ఆమె ఒక్కతే ఉండాది."

ఎండ బాగా కాస్తాంది. బావి దగ్గరికి వచ్చేసరికి తల వంచుకొని నడిచినాను. దుమ్ములో మగోళ్ల అడుగులు, నా అడుగులు, పడిన దివిటీ మసి. వాటి పక్కన గిట్టల జాడలు. ఎద్దువి రెండుగా చీలి ఉంటాయి. ఇవి గుండ్రంగా, నిండుగా ఉండాయి. దోవలో నుంచి వచ్చి... బావి గట్టు దాకా. వెనక్కి తిరిగినవి ఒకటీ లేవు.

మా తిన్ గడపలో నిలబడి నాకు చెయ్యి ఊపుతాంది. ఆమె చూడక ముందే ఆ జాడలు కాలితో చెరిపేసి, లోపలికి పోయి, చాప పరిచినాను.